గోడ కూలింది... ఆట మొదలైంది!

సెలవులు ముగించుకుని బడికొచ్చిన పిల్లలకు ఆటస్థలం కనిపించలేదు. దాని చుట్టూ గోడ లేచింది. అది ఎవరు కట్టారో చెప్పడానికి పెద్దలు నీళ్లు నమిలారు. పిల్లలు మాత్రం వాదించలేదు... ఆ గోడను తోసేశారు. 2015లో నైరోబీలో జరిగిన కథ ఇది. ఇలాంటిదే మన పక్కనున్న కేరళలోనూ జరిగింది. కాకపోతే అక్కడ పోయింది ఆటస్థలం కాదు, ఏకంగా బడే!

సోమవారం. 2015 జనవరి 19. కెన్యా రాజధాని నైరోబీలోని లంగాటా రోడ్ ప్రాథమిక పాఠశాల.

మనకు జూన్‌లో బళ్లు తెరిచినట్టు అక్కడ జనవరిలో కొత్త తరగతులు మొదలవుతాయి. కొత్త పుస్తకాలు, కొత్త టీచరు, పాత స్నేహితులు... ఆ సంబరమంతా జనవరిదే. ఆ ఏడాది మాత్రం క్రిస్మస్ సెలవులు అయిపోయాక కూడా దేశమంతటా టీచర్లు సమ్మె చేయడంతో మరో రెండు వారాలు బడి గంట మోగలేదు. ఎట్టకేలకు సమ్మె ముగిసింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు.

వచ్చి చూస్తే ఏముందక్కడ? నిన్నమొన్నటిదాకా ఫుట్‌బాల్ ఆడుకున్న నేలకూ వాళ్లకూ మధ్య ఓ గోడ! బడిలో ఎవరూ లేని రోజులు చూసుకుని గుట్టుచప్పుడు కాకుండా కట్టేశారు. గోడకు అటువైపు ఆటస్థలం, ఇటువైపు పిల్లలు. విరామం గంట కొడితే పరుగెత్తేది ఎక్కడికి?

లంగాటా రోడ్ అంటే నైరోబీలో ఆషామాషీ చోటు కాదు. ఒకవైపు విల్సన్ విమానాశ్రయం, కాస్త ముందుకెళితే సింహాలూ జిరాఫీలూ తిరిగే నేషనల్ పార్కు. నగరం పెరిగిన కొద్దీ ఆ రోడ్డు పక్కన జాగా బంగారమైపోయింది. అలాంటి చోట ఒక సర్కారు బడికి విశాలమైన ఆటస్థలం ఉంటే కొందరి కళ్లకు అది ఆటస్థలంలా కనిపించదు. ఖాళీ స్థలంలా కనిపిస్తుంది.

ఆ రోజు పిల్లలు వూరుకోలేదు. చేతుల్లో చెట్ల కొమ్మలు, కర్రలు, భూబకాసురులను తిడుతూ రాసిన అట్టముక్కలు. కొందరు తల్లిదండ్రులూ, సామాజిక కార్యకర్తలూ వెంట నిలిచారు. ఆరేళ్ల బుడతల నుంచి పద్నాలుగేళ్ల పెద్ద తరగతుల పిల్లల దాకా అందరూ కలిసి గోడ మీద చేతులేసి తోయడం మొదలుపెట్టారు. ఒక్కరు తోస్తే కదలని గోడ వందల చేతులు పడేసరికి ఊగింది. ఊగి ఊగి కొంతభాగం కూలింది. పిల్లలు కేరింతలు కొడుతూ తమ నేల మీదికి దూకారు.

అక్కడ కాపలా ఉన్నది పోలీసులు. తుపాకులూ, శునకాలూ వెంటబెట్టుకుని మరీ వచ్చారు. బడి పిల్లల మీద వాళ్లు బాష్పవాయువు ప్రయోగించారు.

కన్నీళ్ల పొగ

బాష్పవాయువు పెద్దవాళ్లకే నరకం. కళ్లు మండిపోతాయి, గొంతు పట్టేస్తుంది, వూపిరి ఆడదు. పిల్లలకు ఇంకా ఎక్కువ ప్రమాదం. ఈ పొగ గాలి కన్నా బరువు, కాబట్టి నేలకు దగ్గరగా కమ్ముకుంటుంది. పొట్టిగా ఉండేవాళ్ల ముక్కులు ఆ ఎత్తులోనే ఉంటాయి. పైగా పిల్లలు పెద్దల కన్నా వేగంగా శ్వాస తీసుకుంటారు. యుద్ధంలో శత్రుసైనికుల మీద వాడకూడదని రసాయన ఆయుధాలకు సంబంధించిన 1993 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించిన వాయువు ఇది. సొంత దేశంలో జనాన్ని చెదరగొట్టడానికి మాత్రం ఏ దేశ పోలీసులైనా వాడుకోవచ్చు. విడ్డూరమే!

ఆ పొగలో పిల్లలు చెల్లాచెదురయ్యారు. కళ్లు నులుముకుంటూ ఏడ్చేవాళ్లు కొందరు, కిందపడ్డ స్నేహితుణ్ని లేపేవాళ్లు కొందరు. గాయపడిన, స్పృహ తప్పిన పిల్లల్ని ఆస్పత్రికి తరలించారు. ఒక పోలీసు అధికారికీ దెబ్బలు తగిలాయి. అక్కడే ఉన్న ఫొటోగ్రాఫర్ల కెమెరాలు ఇదంతా చూశాయి. సాయంత్రానికల్లా ప్రపంచమూ చూసింది. స్కూలు బట్టల్లో ఉన్న పిల్లలు ఒకవైపు, హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు మరోవైపు ఉన్న ఆ ఫొటోలకు వ్యాఖ్య అక్కర్లేకపోయింది. ట్విటర్‌లో 'ఆక్యుపై ప్లేగ్రౌండ్' అన్న మాట మార్మోగిపోయింది.

మర్నాటికి ప్రభుత్వం దిగొచ్చింది. పోలీసు బలగానికి నాయకత్వం వహించిన అధికారిని సస్పెండ్ చేశారు. దేశాంతర్గత భద్రత చూసే మంత్రి జోసెఫ్ నకైసెరీ పిల్లలకు సర్కారు తరఫున క్షమాపణ చెప్పారు. ఆయన మాజీ సైనిక జనరల్. పదవిలోకి వచ్చి అప్పటికి నెల రోజులు దాటిందో లేదో. జాతీయ భూముల కమిషన్, ఆ జాగా బడిదేనని తేల్చింది. మిగిలిన గోడ కూడా పోయింది.

అంతా బాగానే ఉంది. మరి ఆ గోడ కట్టింది ఎవరు?

పేరు లేని 'డెవలపర్'

కెన్యా పత్రికల్లో తరచుగా కనిపించే ఓ మాట ఉంది... 'ప్రైవేట్ డెవలపర్'. ఫలానా పార్కును ప్రైవేట్ డెవలపర్ ఆక్రమించాడనీ, ఫలానా మార్కెట్టును ప్రైవేట్ డెవలపర్ కూల్చేశాడనీ రాస్తారు. పేరుండదు, ఊరుండదు. మన పత్రికల్లో 'కొందరు పెద్దలు' అన్న మాట ఎలా వాడతారో అలాగన్నమాట. లంగాటా విషయంలోనూ కొన్ని రోజులపాటు అదే సాగింది. దేశమంతా పేరు చెప్పమని అడుగుతుంటే అధికారులు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. చివరికి అప్పటి భూముల శాఖ మంత్రి చారిటీ ఎన్‌గిలూ ఒక కంపెనీ డైరెక్టర్ల పేర్లు చదివి వినిపించారు. వాళ్లు ముసుగులేననీ, వెనక అసలు మనుషులు వేరే ఉన్నారనీ జనం పెదవి విరిచారు.

అసలు బడి స్థలాన్ని కాజేయడం ఎలా సాధ్యం? చాలా తేలిక. కెన్యాలో వేలాది సర్కారు బళ్లకు తాము నిలబడ్డ నేల మీద పట్టా లేదు. ఎప్పుడో ప్రభుత్వం జాగా చూపించింది, బడి కట్టారు, తరాలుగా పిల్లలు చదువుకుంటున్నారు. కాగితం ఎందుకు, అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు. ఆ ధీమానే కొంపముంచింది. పలుకుబడి ఉన్నవాడు భూముల కార్యాలయంలో అదే జాగాకు తన పేరున కేటాయింపు పత్రం పుట్టిస్తాడు. దాన్ని ఇంకొకరికి అమ్ముతాడు. ఆ ఇంకొకరు మరొకరికి. నాలుగు చేతులు మారేసరికి కొన్నవాడు అమాయకుడిగా కోర్టు మెట్లెక్కుతాడు. అతని దగ్గర కాగితముంటుంది. బడి దగ్గర పిల్లలుంటారు, అంతే!

మనకిది కొత్త కథేం కాదు. కబ్జా అన్న మాట తెలియని తెలుగువాడు ఉన్నాడా?

2003లో కెన్యాలో కొత్త ప్రభుత్వం వచ్చాక ఈ భూముల బాగోతం తేల్చడానికి న్యాయవాది పాల్ ఎన్‌డుంగు అధ్యక్షతన ఓ కమిషన్ వేశారు. మరుసటి ఏడాది అది ఇచ్చిన నివేదికలో బయటపడ్డ లెక్క: 1962 నుంచి 2002 వరకూ నలభై ఏళ్లలో చట్టవిరుద్ధంగా పుట్టిన పట్టాలు దాదాపు 2 లక్షలు. అడవులు, రోడ్లకు వదిలిన జాగాలు, ఆస్పత్రుల ఆవరణలు, చివరికి శ్మశానాలు కూడా అందులో ఉన్నాయి. బళ్లూ ఉన్నాయి.

అదే 2003లో ప్రాథమిక విద్యను ఉచితం చేశారు. ఫీజు కట్టలేక ఇంటిపట్టున ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా బడి బాట పట్టారు. ఆ ఒక్క ఏడాదే దేశంలో సుమారు 13 లక్షల మంది అదనంగా చేరారు. మనవలతో కలిసి తానూ చదువుకుంటానని 84 ఏళ్ల కిమానీ మరుగే ఒకటో తరగతిలో చేరి గిన్నిస్ రికార్డు కెక్కింది 2004లోనే. తరగతి గదులు కిక్కిరిసిపోయాయి. అలాంటి బడిలో ఆటస్థలం విలాసం కాదు. ఒక్కో గదిలో ఇరుక్కుని కూర్చున్న పిల్లలు కాళ్లు చాపుకునే చోటు అదొక్కటే.

మొక్కలు నాటిన దారి

నైరోబీ వాసులకు నేల కోసం కొట్లాడటం ఎవరు నేర్పారంటే ఎక్కువమంది చెప్పే పేరు వంగారీ మాథాయ్. 1989లో నగరం నడిబొడ్డున ఉన్న ఉహురు పార్కులో 60 అంతస్తుల మేడ కడతామని పాలకులు అంటే ఆమె అడ్డం పడ్డారు. 'పిచ్చి ఆడది' అన్నట్టుగా ఎగతాళి చేశారు. ఆమె ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆ మేడ లేవలేదు. తర్వాత నగరం అంచునున్న కరూరా అడవిని ముక్కలు చేసి డెవలపర్లకు పంచిపెడుతుంటే, ఆమె మొక్కలు తీసుకెళ్లి నరికిన చోటల్లా నాటారు. 1999 జనవరి 8న అక్కడే ఆమె మీద కిరాయి మూకలు దాడిచేశాయి. తల పగిలింది. ఆ వార్త విని విశ్వవిద్యాలయాల విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆగస్టులో అధ్యక్షుడు మోయ్, ప్రభుత్వ భూముల కేటాయింపు మొత్తం ఆపేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి. ఈనాడు కరూరా అడవిలో నైరోబీ కుటుంబాలు ఆదివారాలు సైకిళ్లు తొక్కుతూ గడుపుతున్నాయి.

లంగాటాలో పిల్లల వెంట నిలిచినవాళ్లలో ప్రముఖుడు బోనిఫేస్ మ్వాంగీ. పత్రికా ఫొటోగ్రాఫర్‌గా 2007 ఎన్నికల తర్వాత చెలరేగిన హింసను కెమెరాలో బంధించి, అది చూసి తట్టుకోలేక ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వచ్చిన మనిషి. ఆయన జీవితం మీద 2020లో 'సాఫ్టీ' అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

ఆయన లాంటివాళ్లకు ఆ రోజుల్లో అభినందనలతోపాటు ఓ ప్రశ్నా ఎదురైంది. పసిపిల్లల్ని పోలీసుల ముందుకు తీసుకెళ్తారా? వాళ్లకేమైనా అయితే ఎవరిది బాధ్యత? ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. తమ బిడ్డ బాష్పవాయువులో చిక్కుకుంటే ఏ తల్లీ 'ఉద్యమం కదా' అని సర్దుకుపోదు. అయితే ఆ బడి పెద్దల విన్నపాలు ఎవరి చెవికీ ఎక్కకపోవడం వల్లే గోడ లేచేదాకా వచ్చిందన్నది కూడా అంతే నిజం. పిల్లలు అక్కడికి ఎక్కడినుంచో రాలేదు. వాళ్ల బడిలోనే ఉన్నారు. తుపాకులు పట్టుకుని వచ్చింది పెద్దవాళ్లు.

ఆ సంఘటన తర్వాత కెన్యాలో బడి స్థలాలకు పట్టాలివ్వాలన్న డిమాండ్ ఊపందుకుంది. ఇస్తామని ప్రభుత్వమూ చెప్పింది. స్వచ్ఛంద సంస్థలన్నీ కలిసి 'షులే యాంగు' పేరుతో ఓ కూటమిగా ఏర్పడ్డాయి. స్వాహిలీ భాషలో ఆ మాటకు 'నా బడి' అని అర్థం. ఏ బడికి కాగితాలున్నాయి, దేనికి లేవు, ఎవరు ఎంత మింగారు అని లెక్కలు తీయడం, హద్దులు కొలిపించడం, పట్టాలు ఇప్పించడం దాని పని. గోడ తోసేసినంత సులువుగా కాగితం రాదు. ఆ పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

బోర్డు మీద ఒలింపియాడ్...

మన దగ్గరికొద్దాం. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఏమేం ఉండాలో ఓ పట్టిక ఇచ్చింది. టీచరుకో గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది... వాటితోపాటే ఆటస్థలం, చుట్టూ ప్రహరీ. గోడ ఉండాల్సిందే, కానీ ఆటస్థలానికి అవతల!

హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ఏ నగరంలోనైనా ఓ వీధిలో నడిచి చూడండి. అపార్ట్‌మెంట్ లాంటి భవనం, నాలుగో అంతస్తులో నాలుగో తరగతి, కింద సెల్లార్‌లో ప్రార్థన. బోర్డు మీద ఒలింపియాడ్ అని ఉంటుంది. ఒలింపిక్స్‌కు పనికొచ్చే జాగా మాత్రం గజం కూడా ఉండదు. అసలైన మైదానాలు ఇంకా మిగిలున్నది పాత సర్కారు బళ్లకూ, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలకే. అందుకే వాటి మీద అందరి కన్నూ. దసరాకి ఎగ్జిబిషన్ అక్కడే, పార్టీ బహిరంగసభ అక్కడే, ముఖ్యమంత్రి వస్తే హెలిప్యాడూ అక్కడే. ఆ నాలుగు రోజులూ పిల్లలు కిటికీల్లోంచి చూడాల్సిందే.

హరియాణాలోని ఓ ఊళ్లో బడి ఆటస్థలాన్ని ఆక్రమించి ఇళ్లు కట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మార్కెట్ ధర కట్టేస్తాం, వదిలేయండి అన్నది ఆక్రమించినవాళ్ల వాదన. హైకోర్టు సరేనంది కూడా. 2023లో సుప్రీంకోర్టు ససేమిరా అంది. ఆటస్థలం లేకుండా బడి ఉండకూడదని చెప్పి, ఆక్రమణలు తొలగించమని ఆదేశించింది.

రాత్రికి రాత్రే మాయమైన బడి

కేరళలోని కోజికోడ్‌లో పిల్లలకు వచ్చిన కష్టం ఇంకా పెద్దది. మలాపరంబ అనే చోట వందేళ్లు దాటిన ప్రాథమికోన్నత పాఠశాల ఒకటుంది. ఎయిడెడ్ బడి. అంటే టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, నేలా భవనమూ మాత్రం మేనేజరు పేరిట ఉంటాయి. వయనాడ్ వెళ్లే రోడ్డూ, బైపాసూ కలిసే కూడలి కావడంతో జాగా ధర ఆకాశాన్నంటింది. బడిలో పిల్లలేమో ఇంగ్లిషు మీడియం దెబ్బకు తగ్గిపోతూ వచ్చారు. తగినంతమంది పిల్లలు లేని బడులకు కేరళ రికార్డుల్లో ఓ ముద్ర ఉంటుంది... 'గిట్టుబాటు కానివి' అని. కిరాణా కొట్టు గురించి అన్నట్టు!

కేరళ విద్యాచట్టంలో మేనేజర్లకు ఓ వెసులుబాటు ఉంది. ఏడాది ముందు నోటీసిస్తే బడి మూసేసుకోవచ్చు. ఆ నిబంధన పట్టుకునే మూసివేతకు అనుమతి సంపాదించారు. 2014 ఏప్రిల్. లోక్‌సభ ఎన్నికల హడావుడిలో ఊరంతా ఉండగా ఓ రాత్రి యంత్రాలు వచ్చాయి. తెల్లారేసరికి బడి లేదు, శిథిలాలున్నాయి.

ఊరివాళ్లు తిట్టుకుంటూ కూర్చోలేదు. పూర్వ విద్యార్థులూ, తల్లిదండ్రులూ, చుట్టుపక్కలవాళ్లూ చందాలేసుకున్నారు. స్థానిక ఎమ్మెల్యే ఎ.ప్రదీప్‌కుమార్ ముందు నడిచారు. అదే నగరంలో నడక్కావు బాలికల ప్రభుత్వ పాఠశాలను కార్పొరేట్ బళ్లు అసూయపడేలా తీర్చిదిద్దిన పేరు ఆయనకుంది. వేసవి సెలవులు ముగిసేలోగా కూల్చిన చోటే మళ్లీ గదులు లేచాయి. జూన్‌లో పిల్లలు వాటిలోకే వచ్చారు.

కథ అక్కడ అయిపోలేదు. మేనేజరు కోర్టుకెళ్లారు. చట్టం ఆయన పక్షానే ఉంది. 2016లో బడి మూయాల్సిందేనని హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. తాళం వేయడానికి వచ్చిన విద్యాధికారులను జనం గేటు దగ్గరే అడ్డుకున్నారు. ఎంతకాలమని? ఆ జూన్‌లో తాళం పడింది.

అప్పుడు జరిగింది ఓ వింత. బడి పోయినా తరగతులు ఆగలేదు. పిల్లలందరినీ కోజికోడ్ కలెక్టరేట్‌కు తీసుకెళ్లారు. ఫైళ్లూ, దరఖాస్తులూ, క్యూలూ తిరిగే ఆ ఆవరణలో ఓ హాలు వాళ్ల బడైపోయింది. భూమి రికార్డుల కోసం వచ్చినవాళ్లకు పక్కనుంచి ఎక్కాలు వినిపించేవి. అక్కడ పిల్లలు గోడలు కూల్చలేదు, పోలీసులతో తలపడలేదు. రోజూ వచ్చి కూర్చున్నారు, అంతే. అదే పెద్ద పోరాటం. ఎందుకంటే టీసీలు తీసుకుని తలోదారీ పడితే ఇక కాపాడటానికి బడే ఉండదు. పిల్లల్లేని బడిని ఏ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది?

అప్పటికి కొద్దిరోజుల ముందే పినరయి విజయన్ ప్రభుత్వం గద్దెనెక్కింది. మలాపరంబతో కలిపి అలా మూతపడబోతున్న నాలుగు బళ్లను తీసుకుంటామని ప్రకటించింది. దానికీ అదే విద్యాచట్టంలో దారి దొరికింది. శాసనసభ తీర్మానం చేసి, పరిహారం చెల్లించి ప్రభుత్వం ఎయిడెడ్ బడిని స్వాధీనం చేసుకోవచ్చు. 1950ల చివర్లో రాసిన నిబంధన అది. మూసేసే హక్కు ఏ చట్టంలో ఉందో, తెరిపించే తాళంచెవీ అందులోనే ఉందన్నమాట.

ఆ ఏడాది చివర్లో కలెక్టరేట్ హాలు ఖాళీ అయింది. పిల్లలు పుస్తకాల సంచులతో మలాపరంబకు తిరిగొచ్చారు. బడి పేరులో ఒక్క అక్షరం మారింది. ఏయూపీ స్కూలు కాస్తా జీయూపీ స్కూలైంది. 'ఏ' అంటే ఎయిడెడ్, 'జీ' అంటే గవర్నమెంట్.